బోలు బండ బీటు

అంజి బీటెక్ మూడో ఏడాదిలో కాలేజీ మానేశాడు. మానేశానని వాడంటాడు, కాలేజీవాళ్లే పంపేశారని వాళ్లమ్మ సారవ్వ అంటుంది. ఏది నిజమైనా గోదావరిఖనిలో పొద్దున లేచి వెళ్లడానికి వాడికి ఒక చోటంటూ లేకుండా పోయింది. చౌరస్తా దగ్గర తాబిష్ సెల్‌ఫోన్ రిపేరు దుకాణమే వాడి కాలేజీ, వాడి ఆఫీసు. తాబిష్ చిన్నప్పటి దోస్తు. ముందు గదిలో పగిలిన అద్దాలు మారుస్తాడు. వెనక గదిలో, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, పాటలు రికార్డు చేస్తాడు. ఫ్యాను వేస్తే మైకులోకి మోత వస్తుంది, వెయ్యకపోతే మనుషులు ఉడికిపోతారు. ఫ్యాను వెయ్యకుండానే రెండేళ్లు కూర్చుని ఇద్దరూ ఏడు పాటల ర్యాప్ ఆల్బం ఒకటి చేశారు. పేరు 'ముస్తరు'. గనిని ఇక్కడ బాయి అంటారు. బాయి దిగేముందు పడే హాజరును ముస్తరు అంటారు. ఎక్కడా పడని తన హాజరు ఒక్కచోటైనా పడాలని అంజి పంతం.

ఆ పంతానికి కారణం ఇంట్లోనే ఉంది. వాడి తండ్రి సదయ్య ముప్పై మూడేళ్లు బాయిలో పనిచేశాడు. ఈ బొగ్గు ఊళ్లలో తండ్రి ఒళ్లు చెడి, ఇక పనికి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. దాన్ని 'అన్‌ఫిట్' కావడం అంటారు. తండ్రి రిటైర్మెంటు దగ్గరపడుతుంటే ఇళ్లలో ఆ మాట పెళ్లిమాటల్లాగే నడుస్తుంది. సదయ్య ఊపిరి బాగుంది, గుండె బాగుంది, కళ్లు బాగున్నాయి. చెవులు మాత్రం డ్రిల్లుల మోతకు, పేలుళ్లకు దాదాపు పోయాయి. ఆ చెవులు చూపించుకొమ్మని ఇంటిల్లిపాదీ బతిమాలారు.

"చాతనైతున్నప్పుడు చాతగాదని ఎట్ల రాయించాలె? నాతోని గాదు" అన్నాడు సదయ్య. అరవై నిండేదాకా పనిచేసి, దండ వేయించుకుని ఇంటికొచ్చాడు. అంజికి ఉద్యోగం రాలేదు. వాడు దాన్ని మరిచిపోలేదు, పాటలో పెట్టుకున్నాడు.

సదయ్య చేసిన పని కప్పు చూడటం. కప్పు అంటే బాయిలో తలమీదుండే బండ. కొసకు ఇనుప పొన్ను తొడిగిన కర్రతో దాన్ని కొట్టి వినాలి. గట్టి బండయితే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే తడిసిన డప్పులాగా 'ధబ్' అని లోతుగా పలుకుతుంది. దాన్ని బోలు బండ అంటారు. దాని కింద మనిషి నిలబడకూడదు. ఒక చేత్తో కొడుతూ రెండో అరచెయ్యి బండకు ఆనించి పెడతారు. చెవికి అందనిది చేతికి అందుతుంది. సదయ్య చివరి పదేళ్లూ చేత్తోనే విన్నాడు. ఈ సంగతులన్నీ అంజి అన్నంతోపాటు తిని పెరిగినవాడే.

ఆల్బం సగంలో ఉండగా వాడి బుర్రను ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. బీట్లన్నీ ఇంటర్నెట్‌లో దొరికేవే, ఊరి చప్పుడు ఒక్కటీ లేదు. తాబిష్, వాడు కలిసి బొగ్గు బెల్టు మోత, షిఫ్టు కూత, రామగుండం స్టేషనులో వ్యాగన్లు ఢీకొనే చప్పుడు అన్నీ పట్టుకొచ్చారు. బాగానే కుదిరాయి. కానీ ఆఖరి పాట 'కప్పు'కు కావలసినది దొరకలేదు. కర్రతో బండను కొట్టే చప్పుడు కావాలి. సదయ్య కర్ర తీసుకుని ఇంటి గోడను కొట్టి చూశారు. ఇటుక ఇటుకలాగే పలికింది.

"బాయిలకెల్లి తేవాలె బే" అన్నాడు అంజి.

"నీ బావకు జెప్పు. ఆయనే మనకు అండర్‌గ్రౌండ్ బ్రాంచి" అని తాబిష్ నవ్వాడు.

బావ ఉపేందర్ గోదావరి అవతల, నస్పూర్‌లో ఉంటాడు. అంజి అక్క మమత మొగుడు. తన తండ్రి పోయాక ఆయన ఉద్యోగం ఇతనికి వచ్చింది. గుట్టబాయి అనే గనిలో బొగ్గు తొట్లు లాగే తాడు దగ్గర పని. మనిషి మంచివాడు, పొగిడితే కరిగిపోతాడు. ఒక ఆదివారం కోడికూర తింటుండగా అంజి అడిగాడు.

"సెల్‌ఫోన్ గాదు బావ. వేలంత రికార్డర్. తాబిష్ ఇస్తడు. బూటుల పెట్టుకుంటే ఎవనికి కనబడది."

"నీకు తెల్వదారా? బీడి తీస్కపోయినా, అగ్గిపుల్ల తీస్కపోయినా నౌకరి పోతది. లోపట గ్యాసుంటది. సిన్న నిప్పురవ్వ సాలు."

"ఒక్క షిఫ్టు బావ. మనూర్ల ఎవ్వడు చెయ్యనిది. సర్చింగు కాడుండేటోడు నీ దోస్తే అంటివి గదా."

"దోస్తని గదరా సిగ్గయితది."

"ఆల్బంల నీ పేరేస్త."

ఉపేందర్ ఎముక పక్కన పెట్టి వాడివైపు చూశాడు. "నిజంగ ఏస్తవా?"

వంటింట్లో నుంచి మమత కేక వేసింది. "ఏందిరా గుసగుసలు? మా ఆయనను నీ పిచ్చిల కలుపకు."

"నీ మొగుడు స్టారైతున్నడే అక్కా" అన్నాడు అంజి.

ఫిబ్రవరిలో ఒక రోజు ఉపేందర్ రికార్డర్ బూటులో పెట్టుకుని దిగాడు. తిండి వేళప్పుడు అందరూ టిఫిన్లు విప్పుకునే సందడిలో, ఆటలాగా కర్ర పట్టుకుని దొరికినచోటల్లా కప్పును కొట్టాడు. పైకొచ్చాక రికార్డర్ ఇస్తూ, "అన్నిచోట్ల ఒక్కతీర్గనే ఖంగుమంటది. ఒక్కటే జర కొత్తగొచ్చింది సూడు" అన్నాడు.

ఆ ఒక్కటీ వినగానే తాబిష్ కుర్చీలోంచి లేచాడు. "అరె యార్, సున్ ఇసే, ఇను! కడుపుల కొడుతున్నది." మళ్లీ పెట్టాడు. ధబ్. కొంచెం ఆగి, ఆ చప్పుడు తోకలాగా చిన్న వణుకు. ఇద్దరూ ఒళ్లు జలదరించి నవ్వుకున్నారు. మిగతా పది దెబ్బలూ పక్కన పడేసి, ఆ ఒక్క దెబ్బనే కోసి, వరుసగా అతికించి, పాట పొడవునా పరిచారు. బోలు బండ ఎట్లా పలుకుతుందో అంజికి తెలియదా అంటే తెలుసు. ఆ క్షణాన అది వాడికి బండ కాదు, బేస్. చిన్నప్పటినుంచి విన్న మాట చెవిలోనే ఉంది, బుర్రలోకి రాలేదు. వెతికిన వస్తువు దొరికినవాడు అది ఎక్కడ దొరికిందని ఆలోచించడు.

ఏప్రిల్‌లో 'ముస్తరు' యూట్యూబులోకి ఎక్కింది. మొదటి వారం ఆరు పాటలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏడోది మాత్రం పాకింది.

"నాయిన అన్‌ఫిట్ కాలేదు, నేనేడ ఫిట్ కాలేదు
బీటెక్కు నడుమ ఆగింది, అవ్వ తిట్టుడు ఆగలేదు
పైన ఎండ నలభై ఎనిమిది, కింద చీకటి ఎన్నటిది
మీ ఇంట్ల ఫ్యాను తిరుగుతాంది, దాని కింద చెమట ఎవ్వనిది"

ఆ మాటల కింద ధబ్, ధబ్, ధబ్. ఆటోల్లో అదే, జిమ్ముల్లో అదే, కాలేజీ పోరగాళ్ల రీల్సులో అదే. మంచిర్యాల నుంచి ఎవరో ఫోన్ చేసి 'అన్నా' అని పిలిచారు. వాడిని పంపేసిన కాలేజీవాళ్లే వార్షికోత్సవానికి రమ్మని పిలిచారు. వీడియో చివర పేర్లలో అంజి మాట తప్పకుండా వేశాడు: 'కింద నుంచి చప్పుడు పంపిన చెయ్యి, మా ఉప్పి బావ'. ఆ ఒక్క వరుస ఎంత పనిచేస్తుందో అప్పుడు తెలియలేదు. ఉపేందర్ అయితే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని ముగ్గురికి పంపాడు.

పెద్దవాళ్ల దగ్గర మాత్రం ఏదో తేడా కొట్టింది. చౌరస్తా హోటల్లో పాట మోగుతుంటే ఒక ముసలి కార్మికుడు చాయ్ సగంలో వదిలి బయటికి పోయాడు. షిఫ్టు బస్సులో పెడితే వెనక సీట్లవాళ్లు "బందు పెట్టు" అన్నారు. ఆటో తోలే ఒక మనిషి, బాయిలో ఇరవై ఏళ్లు చేసి మానేసినవాడు, బీటు మొదలు కాగానే తల ఎత్తి పైకి చూశాడు. ఆటో పైన ఏముంటుంది, రెక్సిను గుడ్డ.

"ముసలోళ్లకు ర్యాప్ నచ్చది బే" అన్నాడు తాబిష్.

"నచ్చకపోతే తిట్టాలె. గట్ల పైకెందుకు చూసుడు?" అన్నాడు అంజి.

ఆదివారం సాయంత్రం కార్మికుల క్లబ్బులో ఆల్బం పండుగ పెట్టారు. ముందు వరుసలో సదయ్య సావాసగాళ్లను కూర్చోబెట్టారు. సదయ్యకు జ్వరం, రాలేదు. అద్దెకు తెచ్చిన స్పీకర్లు మనిషెత్తువి. ఆరు పాటలకూ పెద్దవాళ్లు పద్ధతిగా చప్పట్లు కొట్టారు. ఏడోది మొదలైంది. మొదటి ధబ్‌కు ముందు వరుస మొత్తం ఒక్కసారి పైకి చూసింది. రెండోదానికి ముగ్గురు లేచారు. గబగబా కాదు, నెమ్మదిగా, అలవాటైన పని చేస్తున్నట్టు లేచి, గోడవారకు జరిగి, తలుపు దగ్గర నిలబడ్డారు. వెనక కుర్రాళ్లు కుర్చీలెక్కి ఎగురుతున్నారు. స్టేజీ మీద అంజి తడబడి, రెండు వరుసలు మింగేశాడు.

కోపంగా దిగి తలుపు దగ్గరికి పోయాడు. "ఏందే, అంత చెండాలంగున్నదా? లేసిపోతున్నరు?"

అందులో ఒక పెద్దాయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "పాట మంచిగనే ఉన్నది బిడ్డా. దాని కింద కూసోబుద్ధి గాలె."

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అంజి అదే పాట పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడ తప్పు జరిగిందో వెతుకుతున్నాడు. స్పీకరు నేలమీద ఉంది. జ్వరం తగ్గిన సదయ్య మంచినీళ్ల కోసం అటుగా పోతూ ఆగాడు. చెవికి ఏమీ వినబడలేదు గాని పాదాల కింద నేల అదిరింది. గ్లాసు పక్కన పెట్టి కూర్చుని స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. మొహంలో జ్వరం నీరసం పోయి ఇంకేదో వచ్చింది.

"మళ్ల పెట్టు" అన్నాడు.

పెట్టాడు.

"మళ్ల."

మూడోసారి పూర్తయ్యాక సదయ్య చెయ్యి తీసి దాన్నే చూసుకున్నాడు. "ఇది ఏ బాయిల కొట్టిన్రు?"

"బాయి గాదు నాయిన. కంప్యూటర్ల చేసినం."

సారవ్వ వచ్చి మొగుడి చెవి దగ్గర అరిచింది. "కంప్యూటర్ల చేసిన్రట!"

"కంప్యూటర్‌కు పొర ఇడుస్తదా?" అన్నాడు సదయ్య. గొంతు పెంచలేదు. "బండ రెండు పలకలైంది. కిందిది గింత మందం." జానెడు చూపించాడు. "దెబ్బ పడ్డంక ఆఖర్ల సిన్నగ వణుకుతున్నది సూడు. ఉత్త బోలుకు ఆ వణుకు రాదు. బరువు దిగుతుంటెనే వస్తది. కొట్టి ఎన్ని దినాలాయె?"

అంజి నోరు అబద్ధం వెతుక్కుంటుంటే వేళ్లు నిజం చెప్పేశాయి. రెండు వేళ్లు లేచాయి.

"రెండు దినాలా?"

"నెలలు" అని అంజి తండ్రి చెవి దగ్గర అరిచాడు.

సదయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి బాగుండేది. "దాని కింద మనుషులు తిరుగుతరా?" అని మాత్రం అడిగాడు.

"తెల్వది నాయిన."

"తెలుసుకో."

బండి మీద గోదావరి వంతెన దాటుతుంటే వడగాలికి అంజి కళ్లు మండాయి. నస్పూర్‌లో ఉపేందర్ మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, లుంగీతో మంచం మీద కూర్చున్నాడు. బామ్మర్దిని చూడగానే లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వెందుకొచ్చినవ్? మొన్న నన్ను ఆఫీసుకు పిలిచిన్రు" అన్నాడు. "గా ఉప్పి బావవు నువ్వేనా అని అడిగిన్రు. లోపటికి ఏం తీస్కపోయినవని అడిగిన్రు."

"ఏమన్నవ్?"

"కంప్యూటర్ల చేసిన్రు, నాకేం తెల్వదన్న. రాసిచ్చి సంతకం పెట్టిన. నా పేరెందుకేసినవ్‌రా?"

"నువ్వే గద బావ ఎయ్యిమన్నవ్."

"నేనంటే నువ్వేస్తవా?"

మమత లోపలి గదిలో బట్టలు మడతపెడుతోంది. వింటున్నదని ఇద్దరికీ తెలుసు. అంజి గొంతు తగ్గించాడు. "బావ, ఆ లోతు చప్పుడు ఏడ కొట్టినవ్? సక్కగ గుర్తు చేసుకో."

ఉపేందర్ మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. మూడో లెవెల్లో, రెండు దారులు కలిసే చోట. చల్లగా ఉంటుందని తిండి వేళకు అందరూ చేరే చోటు. షిఫ్టుకు పదిహేను, ఇరవై మంది. పదేళ్ల కింద తవ్వింది, ఇనుప బోల్టులు దించి కప్పును పైబండకు బిగించి ఉంది. బొగ్గు తీసే దగ్గర రోజూ కొట్టి చూస్తారు గాని, అన్నం తినే చోటును కొట్టి చూడాలని ఎవరికీ తోచదు.

"నాయిన చెయ్యి పెట్టి చూసిండు. బరువు దిగుతున్నదంటున్నడు."

"బోల్టులున్నయ్‌రా. ఏం గాదు."

"బోల్టు పట్టి ఉన్నదో ఇడిసిందో నీకేం తెలుసు? నువ్వు ఊర్కె మీ షిఫ్టు సర్దారుకు చెప్పు బావ, ఆడ ఒక్కసారి కొట్టి చూడుమని. రికార్డర్ ముచ్చటే తియ్యకు."

ఉపేందర్ నవ్వాడు, అందులో నవ్వు లేదు. "ఆడనే ఎందుకని అడుగడా? అడుగకపోయినా, ఆడ కొడితే ఏం వస్తది? మీ పాటల చప్పుడే వస్తది. ఊరంత నోటికొచ్చిన చప్పుడు. కంప్యూటర్ల చేసిన చప్పుడు బాయిలకెట్ల వచ్చెరా ఉపేందర్ అంటే నేనేం జెప్పాలె? అబద్ధం రాసిచ్చినందుకు ఒకటి, మిషిని తీస్కపోయినందుకు ఒకటి. నౌకరి పోతది. గీ క్వార్టర్ పోతది."

అంజి మూలన ఉన్న టిఫిను డబ్బా వైపు చూశాడు. చివరికి, "నువ్వు ఇప్పుడు ఆడనే కూసొని తింటున్నవా?" అని అడిగాడు.

ఉపేందర్ తువ్వాల తీసి, తుడుచుకున్న మొహమే మళ్లీ తుడుచుకున్నాడు. "నాకీ మధ్య ఆకలైతలేదు."

లోపల బట్టలు మడతపెట్టే చప్పుడు ఆగిపోయింది. మమత గుమ్మంలోకి వచ్చింది. మొగుణ్ణి చూడలేదు, తమ్ముణ్ణే చూసింది. "వారం సంది టిఫిను నిండుగనే వస్తున్నది. కూర నచ్చుతలేదేమో అనుకున్న" అంది. తర్వాత, "అంజి, నువ్వింక ఇంటికి పో. పాట తీసెయ్. ఎవ్వరికి ఏం జెప్పకు. నీ కాళ్లు మొక్కుత" అంది. అక్క ఆ మాట అనడం వాడు ఎప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రమే పాట తీసేశారు. తీసేస్తే పోతుందా? అప్పటికే వందమంది దించుకున్నారు. మరుసటి రోజు ఒక పెళ్లి ఊరేగింపులో డీజే బండి మీద అదే మోగింది. కుర్రాళ్లు ధూళి లేపి ఎగురుతున్నారు, ఊరేగింపు వెనక నడిచే పెద్దవాళ్లు నెత్తిమీద ఆకాశం తప్ప ఏమీ లేకపోయినా పైకి చూస్తున్నారు. అంజి దుకాణం మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు, దెబ్బలు కాదు, తలలు.

"నక్కో యార్, వద్దు" అన్నాడు తాబిష్. "నువ్వు జెప్తే మీ అక్క ఇల్లు కూలుతది."

"చెప్పకపోతే?"

తాబిష్ ఎవరిదో పగిలిన ఫోన్ చేతుల్లోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

ఇంట్లో సదయ్య మూడు రోజులుగా ఒకే మాట అడుగుతున్నాడు. "తెలుసుకున్నవా?" అంజి తల అడ్డంగా ఊపుతున్నాడు. మూడో రోజు సదయ్య ఇంకేమీ అడగకుండా ఇంకో సంగతి చెప్పాడు. "గుట్టబాయిల ఆగయ్య ఉన్నడు. నాతోని పదేండ్లు చేసిండు. ఇప్పుడు సర్దారు. మొదటి షిఫ్టు." ఏ బాయి అన్నది కొడుకు చెప్పలేదు. అల్లుడి పేరు వీడియోలో ఉన్నదని ఎవరో కాగితం మీద రాసి చూపించి ఉంటారు. సదయ్యకు అంతా తెలుసు. కూతురి ఇల్లని తెలిసే, పొమ్మని చెప్పలేదు, మనిషి పేరు మాత్రం చెప్పాడు. ఆ తర్వాతిది కొడుకుమీద పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు అంజి గుట్టబాయి గేటు బయట నిలబడ్డాడు. మనుషులు టిఫిన్లు పట్టుకుని లోపలికి పోతున్నారు. ప్రతి టిఫినూ వాడికి ఆ చోటికే పోతున్నట్టు కనబడింది. ఆగయ్య పొట్టి మనిషి, తెల్ల మీసం, చంకలో కర్ర. సర్దారంటే ఆ షిఫ్టులో తన కింద దిగినవాళ్ల ప్రాణాలకు జవాబు చెప్పేవాడు.

"ఆగయ్య కాకా, నేను సదయ్య కొడుకును."

"ఎరుకనే. పాటల పోరగానివి. మా నాయిన అన్‌ఫిట్ కాలేదని ఏడిసినోనివి" అని ఆగయ్య నవ్వాడు. "నీ నాయిన అన్‌ఫిట్ ఐతే మేం సగంమందిమి లేకపోదుం."

"కాకా, ఆ పాటల చప్పుడు నిజందే. మూడో లెవెల్ల, అన్నం తినే కాడిది."

ఆగయ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఎవలు కొట్టిన్రు?"

అంజి నోరు తెరిచాడు.

"ఆగు" అన్నాడు ఆగయ్య. "చెప్పకు. నువ్వు చెప్తే నేను రాయాలె. చెప్పకపోయినా, ఆడ కొట్టి బోలని తేలితే అది రాయాలె. అది రాస్తే మిగిలింది వాళ్లే రాసుకుంటరు. ఊరందరికి తెలిసిన పేరే గదరా నువ్వు ఏసింది." కర్రను చంకలోంచి తీసి చేతికి మార్చుకున్నాడు. "మీ అక్కకు చెప్పే వచ్చినవా?"

"లేదు."

"మంచిది" అన్నాడు. మంచిదని అనుకున్నట్టు లేదు ఆ గొంతు. మనుషుల వెనక నడిచి దిగిపోయాడు.

పదకొండుకు సంగతి పైకి వచ్చింది. ఆగయ్య కొట్టాడట. మొదటి దెబ్బకే పక్కనున్న కుర్రవాడు, "గిది అంజన్న పాట గదా" అన్నాడట. ఎవరూ నవ్వలేదట. ఆ చోటుకు అడ్డంగా తీగ కట్టారు, ఎరుపు బోర్డు పెట్టారు, అందరూ వేరే చోట తిన్నారు. సాయంత్రానికి ఉపేందర్‌ను మళ్లీ పిలిచారు. ఈసారి అతను రాసిచ్చిన కాగితం బల్లమీద పెట్టి పిలిచారు. నాలుగో రోజు సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. విచారణ తేలేదాకా బాయి గేటు దాటకూడదు.

మమత ఫోన్ ఎత్తడం మానేసింది. సారవ్వ వంతెన దాటి కూతురి దగ్గరికి పోయి, సాయంత్రానికి ఏమీ చెప్పకుండా తిరిగొచ్చింది. వీధిలో మాట రెండుగా చీలింది. ఇరవై మందిని కాపాడిండని కొందరు, పాట కోసం బావ నోట్ల మన్ను కొట్టిండని కొందరు. పాట మాత్రం ఇంకా పాకింది. 'చంపే బీటు' అని ఎవరో పేరు పెట్టారు. హైదరాబాదు నుంచి ఒకడు ఫోన్ చేసి, ఆ చప్పుడు అమ్ముతావా అని అడిగాడు. అంజి ఫోన్ పెట్టేశాడు. 

అన్నిటికంటే అన్యాయమైన సంగతి ఒకటి జరిగింది. బండ పడలేదు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. తీగ అవతల కప్పు ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. కింద దుంగల గుంజలు పాతి ఊతమిస్తున్నారు. బాయిలో నవ్వులు మొదలయ్యాయి. "పాటకు బయపడి జాగ ఇడిసినం", "చల్లటి జాగ పాయె". ఆ నవ్వులు నది దాటి గోదావరిఖనికీ వచ్చాయి. అంజి రోజూ పొద్దున లేవగానే ఫోన్ చూస్తున్నాడు. తను చూస్తున్నది ఏ వార్త కోసమో మొదటి పది రోజులు ఒప్పుకోలేదు. పదకొండో రోజు ఒప్పుకున్నాడు. పడాలి. మనిషి లేనప్పుడు, షిఫ్టుకూ షిఫ్టుకూ నడుమ, ఒక్కసారి పడాలి. పడితే అక్క ఫోన్ ఎత్తుతుంది. పడితే విచారణ కాగితాల్లో బావ తరఫున ఇంకో వరుస చేరుతుంది. పడాలని దేవుణ్ణి అడగడానికి కూడా వాడికి నోరు రాలేదు, కానీ మర్నాడూ లేవగానే ఫోనే చూశాడు.

మేలో ఒక సాయంత్రం మంచిర్యాల స్టేషను దగ్గర ఆగయ్య కనబడ్డాడు. చెరకురసం బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిన్న రెండు గుంజలు వంగినయ్ బిడ్డా" అన్నాడు. "ఒకటి నడుమకు నెర్రె పట్టింది."

"నిజంగనా కాకా!"

ఆగయ్య గ్లాసు దించి వాడి మొహంలోకి చూశాడు. "సంబురపడుతున్నవా?"

అంజి చూపు కిందికి దించుకున్నాడు. ఆగయ్య రసం సగంలో వదిలి వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి అంజి నేరుగా నస్పూర్ పోయాడు. మమత తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, వేసెయ్యనూ లేదు. నెలలో చిక్కిపోయింది.

"పడ్డదా?" అంది.

"పడలె అక్కా. గుంజలు వంగినయట. రెండు."

"వంగితే నౌకరిస్తరా?"

లోపల మంచం కిర్రుమంది. ఉపేందర్ గొంతు వచ్చింది, నెల తర్వాత బామ్మర్దితో మొదటి మాట. "ఏ దిక్కువిరా? గోడ దిక్కువా, దారి దిక్కువా?"

"తెల్వది బావ. ఒకటి నెర్రె పట్టిందన్నడు."

"అయితే ఇంకో నాలుగు రోజులు" అన్నాడు ఉపేందర్. ఆ గొంతులో ప్రాణం లేచి వచ్చింది. బయటికి వచ్చి గుమ్మంలో, పెళ్లాం వెనక నిలబడ్డాడు. "ఎక్కువంటే అయిదు."

మమత ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"అది పడాలని చూస్తున్నరా మీరిద్దరు?" అంది. "ఆ గుంజలు మార్చెటోళ్లు ఎవలు? పొద్దుగాల దాని కిందికి పొయ్యెటోళ్లు ఎవలు?"

 వీధి చివర షిఫ్టు బస్సు ఆగింది. టిఫిన్లు పట్టుకుని నలుగురు ఎక్కారు. బస్సు బాయి వైపు కదిలింది.